డిలీట్ చేశాం, డిస్క్ తగ్గలేదు!

(డేటాబేస్ టేబుళ్ల నిర్వహణపై ఒక పాఠం)



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని కమిటీ వారు అడిగారు. మన హాస్టల్ నుంచి వెళ్లి డేటాబేస్ పనిలో స్థిరపడ్డ మేమిద్దరం ఏ పాఠం రాయాలా అని ఆలోచించాం. కాలేజీలో డీబీఎంఎస్ చదివేవాళ్లకు నార్మల్ ఫారాలు, జాయిన్లు, కీలు అన్నీ చెబుతారు. పరీక్షల్లోనూ అవే అడుగుతారు. కానీ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలోనే ఎదురయ్యే ఒక విషయం మాత్రం చాలామందికి క్లాసులో వినపడదు. అదే టేబుళ్ల లోపల పేరుకుపోయే చెత్తను ఊడ్చి, ఆ జాగాను తిరిగి వాడుకోవడం. ఈ పాఠం మేము పుస్తకం చూసి కాదు, తప్పు చేసి నేర్చుకున్నాం. మీరు ఆ తప్పు చేయకూడదని ఇది రాస్తున్నాం.

మేము చేసిన తప్పు

మేమిద్దరం కొత్తగా ఒక ఆఫీసులో చేరాం. అక్కడి డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. ఒక రోజు పొద్దున సర్వర్ డిస్క్ దాదాపు నిండిపోయిందని హెచ్చరిక వచ్చింది. అన్నిటికంటే పెద్ద టేబుల్ ఏదో చూశాం. అందులో ఎవరికీ అక్కరలేని పాత లావాదేవీలు చాలా ఉన్నాయి. అనుమతి తీసుకుని డిలీట్ చేశాం. కమాండ్ సరిగ్గానే నడిచింది, లక్షల వరుసలు పోయాయి. డిస్క్ చూస్తే ఒక్క మెగాబైటు కూడా తగ్గలేదు. పైగా కొంచెం పెరిగింది!

కంగారులో వాక్యూమ్ ఫుల్ అనే కమాండ్ వేస్తే జాగా తిరిగి వస్తుందని ఎక్కడో చదివినది గుర్తొచ్చి, ఉదయం 11 గంటలకు వేసేశాం. రెండు నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి. ఆ టేబుల్ మీద ఆధారపడిన కౌంటర్లన్నీ ఆగిపోయాయి. అరగంట పైగా అలాగే నడిచి, చివరికి డిస్క్‌లో చోటు లేదని ఎర్రర్ ఇచ్చి కమాండ్ ఆగింది. అంటే జాగా రాలేదు, పని కూడా ఆగిపోయింది. ఆ కౌంటర్ల ముందు లైన్లో నిలబడ్డవాళ్లలో మన అమ్మానాన్నల్లాంటివాళ్లే ఎక్కువ. ఆ రోజు కూలి వదులుకుని వచ్చినవాళ్లు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మాకు బాధగానే ఉంటుంది.

ఇందులో మూడు ప్రశ్నలున్నాయి. డిలీట్ చేస్తే డిస్క్ ఎందుకు తగ్గలేదు? వాక్యూమ్ ఫుల్ వేస్తే అందరి పని ఎందుకు ఆగింది? అసలు అక్కడిదాకా రాకుండా ఏం చేసి ఉండాల్సింది? ఒక్కొక్కటే చూద్దాం.

టేబుల్ డిస్క్ మీద ఎలా ఉంటుంది?

1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ రిలేషనల్ మోడల్‌ను ప్రతిపాదించారు. 1981లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆయన చెప్పిన దాంట్లో టేబుళ్లు, వరుసలు, నిలువు కాలమ్‌లు ఉన్నాయి. డిస్క్ ఊసు లేదు. డేటా లోపల ఎలా దాచారన్నది వాడేవాడికి తెలియనక్కరలేదన్నదే ఆయన ముఖ్యమైన మాట. వాడేవాడికి అది నిజమే. కానీ నిర్వహించేవాడికి మాత్రం లోపలి సంగతి తెలిసి తీరాలి.

పోస్ట్‌గ్రెస్‌లో ఒక టేబుల్ అంటే డిస్క్ మీద ఒక ఫైలు. అది 1 జీబీ దాటితే రెండో ఫైలు, మూడో ఫైలు మొదలవుతాయి. ప్రతి ఫైలూ 8 కేబీ పేజీలుగా విడిపోయి ఉంటుంది. పేజీ అంటే మన అటెండెన్స్ రిజిస్టరులో ఒక కాగితం అనుకోండి. ఆ కాగితం మీద వరుసలు ఉంటాయి.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒకే ఒక ఇంటీజర్ కాలమ్ ఉన్న టేబుల్ తీసుకుందాం. ఇంటీజర్‌కు 4 బైట్లు చాలు. కానీ ప్రతి వరుసకూ ముందు 24 బైట్ల హెడర్ ఉంటుంది. మొత్తం 28. దాన్ని 8 గుణిజానికి సరిచేస్తే 32. ఆ వరుస పేజీలో ఎక్కడుందో చెప్పే సూచికకు మరో 4 బైట్లు. మొత్తం 36. పేజీ 8,192 బైట్లు. అందులో పేజీ హెడర్ 24 పోతే 8,168. దాన్ని 36తో భాగిస్తే 226. అంటే ఒక పేజీలో 226 వరుసలు పడతాయి. 10 లక్షల వరుసలకు 4,425 పేజీలు, అంటే సుమారు 35 ఎంబీ కావాలి. 4 బైట్ల సమాచారానికి 36 బైట్ల ఖర్చు! ఆ హెడర్‌లో ఏముందో తెలిస్తేనే మన మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

డిలీట్ అంటే చెరపడం కాదు, కొట్టివేయడం

ప్రతి వరుస హెడర్‌లో రెండు ముఖ్యమైన నంబర్లు ఉంటాయి. ఒకటి ఆ వరుసను రాసిన ట్రాన్సాక్షన్ నంబరు. దీన్ని ఎక్స్‌మిన్ అంటారు. రెండోది ఆ వరుసను తీసేసిన ట్రాన్సాక్షన్ నంబరు. దీని పేరు ఎక్స్‌మ్యాక్స్. మనం డిలీట్ అన్నప్పుడు పోస్ట్‌గ్రెస్ చేసే పని ఆ ఎక్స్‌మ్యాక్స్‌లో నంబరు వేయడమే. వరుస ఎక్కడిదక్కడే ఉంటుంది.

హాస్టల్ స్టాకు రిజిస్టరు గుర్తు తెచ్చుకోండి. బియ్యం లెక్క తప్పు పడితే దాన్ని రబ్బరుతో చెరపనివ్వరు. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, కింద కొత్త వరుస రాయాలి. కొట్టేసిన వరుస లెక్కలోకి రాదు, కానీ కాగితం మీద దాని చోటు దానిదే. అప్‌డేట్ కూడా ఇంతే. పాత వరుసను కొట్టేసి, కొత్త వరుస రాయడం. ఒకే వరుసను రోజుకు 100 సార్లు అప్‌డేట్ చేస్తే కొట్టేసిన ప్రతులు 100 తయారవుతాయి. డిలీట్ అనే మాట వాడని ప్రోగ్రాములో కూడా చెత్త పేరుకుంటుందని ఇక్కడ గమనించాలి.

ఇలా ఎందుకు చేశారన్న సందేహం రావచ్చు. ఒకే సమయంలో చాలామంది అదే టేబుల్‌ను వాడుతుంటారు. ఒకరు నెల మొత్తం లెక్క తీస్తున్నారు, దానికి పది నిమిషాలు పడుతుంది. ఐదో నిమిషంలో ఇంకొకరు కొన్ని వరుసలు తీసేశారు. లెక్క తీస్తున్నవారికి సగం పాతవి, సగం కొత్తవి కనపడితే ఆ మొత్తం తప్పవుతుంది. అలాగని లెక్క పూర్తయ్యేదాకా మిగతావారిని ఆపలేం. అందుకని పాత ప్రతిని ఉంచి, ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో దాన్నిబట్టి ఎవరికి చూపాల్సిన ప్రతిని వారికి చూపుతారు. దీన్ని ఎంవీసీసీ అంటారు. చదివేవాడు రాసేవాణ్ణి ఆపడు, రాసేవాడు చదివేవాణ్ణి ఆపడు. ఇంత మేలు ఊరికే రాదు. దానికి కట్టే ధరే ఈ చెత్త.

దీనికి చరిత్ర ఉంది. 1986లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో పోస్ట్‌గ్రెస్ మొదలైంది. 2014 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు ఆయనకు దక్కింది. పాత వరుసలను పారేయకుండా ఉంచితే, గత నెలలో ఈ టేబుల్ ఎలా ఉందో కూడా చూడవచ్చన్నది అప్పటి ఆలోచన. పాత ప్రతులను తీసి వేరే ఆర్కైవు డిస్క్‌కు చేర్చే ప్రోగ్రాముకు వాళ్లు పెట్టిన పేరు వాక్యూమ్ క్లీనర్. గతాన్ని చూసే సదుపాయాన్ని తర్వాత తీసేశారు. ఊడ్చే పని, దాని పేరు మాత్రం మిగిలాయి. 1996లో ఆ సాఫ్ట్‌వేర్‌కు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే పేరు స్థిరపడింది.

మిగతా డేటాబేస్‌లలో కూడా ఈ సమస్య వేరే రూపంలో ఉంది. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ పాత ప్రతులను టేబుల్లో కాకుండా అన్‌డూ అనే విడి చోట దాస్తాయి. అయినా అక్కడ కూడా డిలీట్ చేసినంత మాత్రాన టేబుల్ ఫైలు చిన్నదైపోదు. ఒరాకిల్‌లో ష్రింక్ స్పేస్, మైఎస్‌క్యూఎల్‌లో ఆప్టిమైజ్ టేబుల్ అనే కమాండ్లు అందుకే ఉన్నాయి. మన ఫోన్లలో ఉండే ఎస్‌క్యూలైట్‌లోనూ వాక్యూమ్ అనే కమాండ్ ఉంది. పేర్లు మారినా ఊడ్చే పని అన్నిచోట్లా ఉంది.

వాక్యూమ్ ఏం చేస్తుంది?

కొట్టేసిన వరుసను చూడాల్సినవారు ఇక ఒక్కరూ లేరని తేలిన తర్వాత దాన్ని చనిపోయిన వరుస అంటాం. వాక్యూమ్ అనే కమాండ్ చేసే పని ఇది:

1. టేబుల్ పేజీలు తిరిగి చూసి చనిపోయిన వరుసల చిరునామాలు రాసుకుంటుంది. ఏ పేజీల్లో ఊడ్చాల్సింది ఏమీ లేదో విజిబిలిటీ మ్యాప్ అనే చిన్న ఫైలు చెబుతుంది. ఆ పేజీలను దాటేస్తుంది.

2. ఆ టేబుల్ మీద ఉన్న ప్రతి ఇండెక్స్‌లోకీ వెళ్లి, ఆ చిరునామాలను చూపే ఎంట్రీలను తీసేస్తుంది.

3. మళ్లీ టేబుల్‌కు వచ్చి, ఆ చోట్లను ఖాళీ అని గుర్తిస్తుంది. ఏ పేజీలో ఎంత ఖాళీ ఉందో ఫ్రీ స్పేస్ మ్యాప్ అనే మరో ఫైలులో రాస్తుంది.

4. ఫైలు చివర వరుసగా పేజీలన్నీ ఖాళీ అయి ఉంటే, వీలైతే ఆ తోకను కత్తిరించి డిస్క్‌కు ఇచ్చేస్తుంది.

అసలు విషయం మూడో అంశంలో ఉంది. ఖాళీ అయిన చోటు ఆ టేబుల్‌కే దక్కుతుంది, డిస్క్‌కు కాదు. హాస్టల్లో పదో తరగతి బ్యాచ్ వెళ్లిపోతే ట్రంకు పెట్టెలు పెట్టుకునే చోట్లు ఖాళీ అవుతాయి. దానివల్ల బిల్డింగు చిన్నదవుతుందా? కాదు. జూన్‌లో వచ్చే కొత్త పిల్లలకు కొత్త గది కట్టే అవసరం తప్పుతుంది. వాక్యూమ్ చేసేది ఇదే. టేబుల్‌ను చిన్నది చేయదు, అనవసరంగా పెరగనివ్వదు. రోజూ పేరుకునే చెత్తకు సరిపడా రోజూ ఊడిస్తే టేబుల్ ఒక పరిమాణం దగ్గర నిలబడుతుంది.

మామూలు వాక్యూమ్ నడుస్తున్నప్పుడు చదవడం, రాయడం యథావిధిగా సాగుతాయి. ఒకప్పుడు ఇలా లేదు. 2002లో వచ్చిన 7.2 వెర్షన్‌కు ముందు వాక్యూమ్ నడిచినంతసేపూ టేబుల్‌కు తాళం పడేది.

వాక్యూమ్ ఫుల్ ఎందుకు ప్రమాదం?

వాక్యూమ్ ఫుల్ పేరు చూసి, ఇది వాక్యూమ్‌నే ఇంకా బాగా చేస్తుందని మేము అనుకున్నాం. అది పూర్తిగా వేరే పని. 2010లో వచ్చిన 9.0 వెర్షన్ నుంచి అది చేసేదేమిటంటే, బతికున్న వరుసలన్నిటినీ కొత్త ఫైలులోకి ఎత్తిరాసి, ఇండెక్సులన్నీ కొత్తగా కట్టి, చివరికి పాత ఫైలు తీసేస్తుంది. రిజిస్టరు మొత్తం కొత్త పుస్తకంలోకి తిరగరాయడం లాంటిది.

దీంతో రెండు చిక్కులు వస్తాయి. తిరగరాస్తున్నంతసేపూ ఆ టేబుల్ మీద అన్నిటికంటే గట్టి తాళం పడుతుంది. సెలెక్ట్ కూడా నడవదు. అందుకే ఆ రోజు కౌంటర్లు ఆగిపోయాయి. రెండోది, పని పూర్తయ్యేదాకా పాత ఫైలు, కొత్త ఫైలు రెండూ డిస్క్ మీద ఉండాలి. అంటే డిస్క్ నిండినప్పుడు జాగా కోసం వేసే ఈ కమాండ్‌కే ముందు జాగా కావాలి! అందుకే అది మధ్యలో చోటు లేదని ఆగిపోయింది. డిలీట్ తర్వాత డిస్క్ కాస్త పెరగడానికి కారణం కూడా ఇప్పుడు చెప్పవచ్చు. ప్రతి మార్పునూ పోస్ట్‌గ్రెస్ ముందు లాగ్ ఫైలులో రాస్తుంది. లక్షల డిలీట్లకు ఆ లాగ్ పెరిగింది.

ఆ రోజు మా సీనియర్ గారు వచ్చి మామూలు వాక్యూమ్ వేయించారు. పాత వరుసల చోట్లు ఖాళీ అయ్యాయి. కొత్త లావాదేవీలు ఆ ఖాళీల్లో చేరడంతో టేబుల్ పెరగడం ఆగింది. తర్వాత కొత్త డిస్క్ తగిలించి, ముందే అందరికీ చెప్పి, ఒక ఆదివారం రాత్రి వాక్యూమ్ ఫుల్ చేశాం. కమాండ్ అదే. ఎప్పుడు, ఎంత ఖాళీ చూసుకుని వేశామన్నదే తేడా.

వాక్యూమ్ ఫుల్ లేకుండా జాగా తెచ్చుకునే దారులు కూడా తెలుసుకోండి. టేబుల్ మొత్తం అక్కరలేకపోతే డిలీట్ కాదు, ట్రంకేట్ వాడాలి. అది ఫైలునే ఖాళీ చేస్తుంది. నెలనెలా పాతది తీసేయాల్సిన పెద్ద టేబుల్ అయితే మొదట్లోనే నెలకో ముక్కగా పార్టిషన్ చేయాలి. 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి ఇది సులువైంది. పాత నెల ముక్కను డ్రాప్ చేస్తే ఆ జాగా వెంటనే డిస్క్‌కు వస్తుంది, ఊడ్చాల్సిన చెత్తే ఉండదు. ఎక్కువసేపు తాళం వేయకుండా టేబుల్‌ను తిరగరాసే పీజీ_రీప్యాక్ అనే అదనపు సాధనం కూడా ఉంది. దానికి కూడా డిస్క్‌లో ఖాళీ కావాలి.

ఆటోవాక్యూమ్: ఎవరూ చెప్పకుండానే ఊడ్చేది

రోజూ మనిషి గుర్తుపెట్టుకుని వాక్యూమ్ వేయడం కష్టం. అందుకని 2005లో వచ్చిన 8.1 వెర్షన్‌లో ఆటోవాక్యూమ్‌ను సర్వర్ లోపలే చేర్చారు. 2008లో వచ్చిన 8.3 నుంచి అది తనంతట తానే నడుస్తుంది. ఏ టేబుల్‌ను ఎప్పుడు ఊడ్చాలో దానికి ఒక సూత్రం ఉంది:

చనిపోయిన వరుసలు > 50 + 0.2 × మొత్తం వరుసలు

అంటే టేబుల్లో ఐదో వంతు చెత్త అయ్యేదాకా ఆగుతుంది. 1,000 వరుసల టేబుల్‌కు 250 దాటగానే వస్తుంది. 10 లక్షల వరుసలకు 2,00,050 దాటాలి. 10 కోట్ల వరుసలకు? 2 కోట్ల 50. అంత చెత్త పేరుకునేదాకా ఊడ్చకపోతే, ఊడ్చే రోజున గంటల తరబడి పడుతుంది. అందుకే పెద్ద టేబుళ్లకు ఆ 0.2ను తగ్గించాలి. ఆల్టర్ టేబుల్ కమాండ్‌తో ఆ ఒక్క టేబుల్‌కే స్కేల్ ఫ్యాక్టర్‌ను 0.01 చేస్తే 10 లక్షల 50 దగ్గరే మొదలవుతుంది. ఎక్కువసార్లు వస్తుంది, తక్కువసేపు ఉంటుంది.

సర్వర్ నెమ్మదించిందని చూస్తే ఆటోవాక్యూమ్ నడుస్తూ కనపడుతుంది. వెంటనే చాలామంది దాన్ని ఆపేస్తారు. ఇది పెద్ద పొరపాటు. వంతు వచ్చినవాడు ఊడుస్తుంటే దుమ్ము లేస్తోందని చీపురు లాక్కోవడం లాంటిది. ఆపిన రోజు హాయిగానే ఉంటుంది. మూడు నెలలకు టేబుల్ ఉబ్బిపోతుంది. 10 పేజీలు చదివితే సరిపోయే చోట 100 పేజీలు చదవాల్సి వస్తుంది. ఆటోవాక్యూమ్ ఇబ్బంది పెడుతోందంటే దాదాపు ఎప్పుడూ అది తక్కువసార్లు నడుస్తోందనే అర్థం.

ఊడ్చనివ్వకుండా అడ్డుపడేవి

వాక్యూమ్ నడుస్తున్నా చెత్త తగ్గని సందర్భాలుంటాయి. చూడాల్సినవారు ఒక్కరున్నా ఆ వరుసను తీయకూడదని పైన అనుకున్నాం కదా. ఎవరో పొద్దున బిగిన్ అని కొట్టి, ఒక సెలెక్ట్ చేసి, కమిట్ చేయకుండా భోజనానికి వెళ్లారనుకోండి. కనెక్షన్ అలాగే తెరిచి ఉంటుంది. ఆ ట్రాన్సాక్షన్ గట్టి ఐసొలేషన్ లెవెల్‌లో ఉన్నా, అప్పటికే ఏదైనా మార్పు రాసి ఉన్నా, ఆ తర్వాత కొట్టేసిన వరుసల మీద వాక్యూమ్ చేయి వేయలేదు. గంటల తరబడి నడిచే రిపోర్టులూ, మర్చిపోయిన ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్లూ, ఎవరూ వాడని రెప్లికేషన్ స్లాట్లూ ఇలాగే అడ్డుపడతాయి. చెత్త తగ్గకపోతే ముందు పాత ట్రాన్సాక్షన్లు ఏమున్నాయో చూడాలి. 2016లో వచ్చిన 9.6 వెర్షన్ నుంచి, ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే కూర్చున్న కనెక్షన్లను కొంతసేపటికి తెంచేసే సెట్టింగు కూడా ఉంది.

నంబర్లు తిరిగి మొదటికొస్తే?

వాక్యూమ్ చేసే ఇంకో పని జాగా గురించి కాదు, డేటా ప్రాణం గురించి. ట్రాన్సాక్షన్ నంబరు 32 బిట్లది. అంటే సుమారు 429 కోట్ల నంబర్లు. అవి అయిపోగానే, స్కూటరు మీటరు తిరిగి సున్నాకు వచ్చినట్టు, మళ్లీ మొదటి నుంచి లెక్క. పోస్ట్‌గ్రెస్ వీటిని వలయంగా చూస్తుంది. ఏ నంబరుకైనా వెనక సుమారు 214 కోట్లు గతం, ముందు 214 కోట్లు భవిష్యత్తు. చాలా పాత వరుసను అలాగే వదిలేస్తే ఒక రోజు అది భవిష్యత్తులో రాసినట్టు లెక్కకొచ్చి కనపడకుండా పోతుంది. అలా జరగకుండా వాక్యూమ్ పాత వరుసల మీద, ఇది అందరికీ ఎప్పటికీ పాతదే అని ముద్ర వేస్తుంది. దీన్నే ఫ్రీజ్ అంటారు. ఒక టేబుల్ వయసు 20 కోట్ల ట్రాన్సాక్షన్లు దాటితే, ఆటోవాక్యూమ్‌ను మనం ఆపేసి ఉన్నా సరే, పోస్ట్‌గ్రెస్ దాన్ని బలవంతంగా మొదలుపెడుతుంది.

అప్పటికీ పని పూర్తికాకుండా హద్దు దగ్గరపడితే ముందు హెచ్చరికలు ఇస్తుంది. ఆ తర్వాత డేటా పాడుకాకూడదని కొత్త నంబర్లు ఇవ్వడమే ఆపేస్తుంది. ఇక చదవడమే, రాయడం ఉండదు. ఇది పుస్తకాల భయం కాదు. 2015లో సెంట్రీ, 2019 ఫిబ్రవరిలో మెయిల్‌చింప్ వారి మాండ్రిల్ సేవ ఈ కారణంగానే ఆగిపోయాయి. మాండ్రిల్‌కు ఒక రోజుకు పైగా పట్టింది. ఇద్దరూ జరిగింది దాచకుండా అందరికీ వివరంగా చెప్పారు. తప్పును దాచకుండా చెప్పడం కూడా ఈ వృత్తిలో నేర్చుకోవాల్సిన గుణం.

వాక్యూమ్‌తో పాటు మరో రెండు పనులు

ఎనలైజ్: ఒక ప్రశ్నకు జవాబు ఏ దారిలో వెతకాలో నిర్ణయించేది ప్లానర్. టేబుల్లో ఎన్ని వరుసలున్నాయి, ఏ విలువలు ఎక్కువగా ఉన్నాయి అన్న అంచనాతో అది దారి ఎంచుకుంటుంది. ఆ అంచనాలను తయారుచేసేది ఎనలైజ్. మామూలు సెట్టింగులో 30,000 వరుసల నమూనా తీసుకుంటుంది. లక్షల వరుసలు ఒకేసారి ఎక్కించాక ఎనలైజ్ వేయకపోతే పాత లెక్కతో తప్పు దారి పడుతుంది. నిన్న ఒక సెకనులో వచ్చిన రిపోర్టు ఇవాళ పది నిమిషాలు పట్టడానికి తరచుగా ఇదే కారణం.

రీఇండెక్స్: ఇండెక్సులు కూడా ఉబ్బుతాయి. వాటిని కొత్తగా కట్టేది రీఇండెక్స్. అదయ్యేదాకా రాతలు ఆగుతాయి. 2019లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి కాన్‌కరెంట్లీ అనే మాట చేర్చి, పని ఆపకుండా కట్టవచ్చు.

ఇంట్లో చేసి చూడాల్సిన ప్రయోగం

పోస్ట్‌గ్రెస్ ఉచితం. ల్యాబులో గానీ, మిత్రుడి కంప్యూటరులో గానీ వేసుకోవచ్చు. కమాండ్ల పేర్లు ఇక్కడ పలికే విధంగా రాశాం, కంప్యూటరులో ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేయాలి.

1. ఒకే ఇంటీజర్ కాలమ్‌తో ఒక టేబుల్ చేయండి. ప్రయోగం మధ్యలో అడ్డురాకుండా ఈ ఒక్క టేబుల్‌కు ఆటోవాక్యూమ్ ఆపండి. జెనరేట్_సిరీస్‌తో 1 నుంచి 10 లక్షల వరకు నంబర్లు ఎక్కించండి. పీజీ_రిలేషన్_సైజ్‌తో పరిమాణం చూడండి. పైన వేసిన లెక్క ప్రకారం సుమారు 35 ఎంబీ రావాలి.

2. సరి సంఖ్యలన్నీ డిలీట్ చేయండి. సగం వరుసలు పోతాయి. పరిమాణం చూడండి, 35 ఎంబీయే.

3. వాక్యూమ్ వేయండి. ఇప్పుడూ 35 ఎంబీయే. ఎందుకంటే ఖాళీలు ప్రతి పేజీలోనూ ఉన్నాయి, చివర ఖాళీ పేజీలు లేవు.

4. మరో 5 లక్షల వరుసలు ఎక్కించండి. పరిమాణం దాదాపు అక్కడే ఆగుతుంది. కొత్తవి పాత ఖాళీల్లో చేరాయి. వాక్యూమ్ ఇచ్చిన ఫలితం ఇదే.

5. అదే ప్రయోగం కొత్త టేబుల్‌తో చేసి, మూడో మెట్టు దగ్గర వాక్యూమ్‌కు బదులు వాక్యూమ్ ఫుల్ వేయండి. 17 ఎంబీకి దిగుతుంది.

6. మరో కొత్త టేబుల్లో సరి సంఖ్యలకు బదులు 5 లక్షల పైనున్న నంబర్లన్నీ డిలీట్ చేసి, మామూలు వాక్యూమ్ వేయండి. ఈసారి ఫుల్ లేకుండానే 17 ఎంబీకి ఎందుకు దిగిందో మీరే ఆలోచించి రాయండి. జవాబు ఈ వ్యాసంలోనే ఉంది.

ఉద్యోగంలో గుర్తుంచుకోవాల్సినవి

1. ఆటోవాక్యూమ్‌ను ఆపవద్దు. పెద్ద టేబుళ్లకు సెట్టింగు మార్చండి.

2. వారానికోసారైనా పీజీ_స్టాట్_యూజర్_టేబుల్స్ చూడండి. ఏ టేబుల్లో చనిపోయిన వరుసలు ఎన్ని, చివరిసారి ఎప్పుడు ఊడ్చిందో అందులో ఉంటుంది.

3. డేటాబేస్ వయసును, అంటే చివరి ఫ్రీజ్ నుంచి ఎన్ని ట్రాన్సాక్షన్లు గడిచాయో, కనిపెట్టుకుని ఉండండి.

4. ట్రాన్సాక్షన్ తెరిచి వదిలేయవద్దు. పని కాగానే కమిట్ గానీ రోల్‌బ్యాక్ గానీ చేయండి.

5. లక్షల వరుసలు తీసేయాలంటే ఒకేసారి కాకుండా కొన్ని వేల చొప్పున తీసి, మధ్యమధ్య వాక్యూమ్ వేయండి.

6. వాక్యూమ్ ఫుల్ వేసేముందు మూడు అడగండి: డిస్క్‌లో చోటుందా? ఈ టేబుల్ ఎవరెవరు వాడుతున్నారు? వాళ్లకు చెప్పామా?

7. డిస్క్ నిండేదాకా ఆగవద్దు. మూడొంతులు నిండినప్పుడే ఆలోచించడం మొదలుపెట్టండి.

చివరిగా

హాస్టల్లో పొద్దున్నే డార్మిటరీ ఊడ్చే వంతు ఉండేది. వంతు తప్పించుకోవడానికి మేము పడని పాట్లు లేవు. ఊడ్చే పనిని, ఊడ్చేవాళ్లను తక్కువగా చూసే ఊళ్ల నుంచే మనలో చాలామంది వచ్చాం. కంప్యూటరు ఉద్యోగాల్లో కూడా ఈ చూపు కొంత ఉంది. కొత్త ప్రోగ్రాము రాసినవాడికి చప్పట్లు, ఉన్నదాన్ని శుభ్రంగా నడిపేవాడు ఎవరికీ గుర్తుండడు. కానీ ఎంతో తెలివైనవాళ్లు ఏళ్ల తరబడి శ్రమించి కట్టిన డేటాబేస్ కూడా ఊడ్చే పని ఆగితే నిలబడదని పైన చూశాం. రోజూ కొంచెం ఊడిస్తే ఎవరి పనీ ఆగదు. వదిలేస్తే ఒక రోజు అందరినీ బయట నిలబెట్టి తలుపులేసి ఊడ్చాల్సి వస్తుంది. అలా బయట నిలబడేది ఎవరో మనకు బాగా తెలుసు.

ప్రయోగంలో ఆరో మెట్టు జవాబు రాసుకుని ఉంచండి. వార్షికోత్సవం రోజు మేము హాస్టల్‌కు వస్తాం. సందేహాలుంటే మొహమాటపడకుండా అడగండి.